పట్టు గదిలో తేమ

ఆ ప్యాలెస్‌లో ముప్పై నాలుగో గది పేరు ఎవరూ ఎత్తరు. "చివరిది" అంటారు, అంతే. పై అంతస్తులో, పొడుగాటి వరండాకి ఆ కొసన ఉంటుంది. దుమ్ము దులిపే ఆడవాళ్ళు ముప్పై మూడో గది దాకా గలగలా మాట్లాడుకుంటూ వస్తారు. అక్కడికి రాగానే మాట ఆగిపోతుంది. బ్రష్షులు సంచుల్లో పడేసుకుని మెట్ల వైపు తిరిగేస్తారు.

"ఏమ్మా, చివరిది వదిలేశారేం?" అని అడిగితే, "అది మూసి ఉంచిన గది కదండీ" అంటారు.

మూసి ఉంచిన గదులు అక్కడ ఇంకో పదకొండు ఉన్నాయి. వాటి గుమ్మాల ముందు చతికిలబడి మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకునేది వీళ్ళే.

నేను గడియారాలకు కీ ఇచ్చేవాణ్ణి. పాత ప్యాలెస్‌లనూ వాటి తోటలనూ చూసుకునే ప్రభుత్వ శాఖలో నాది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. మా శాఖ కింద ఎనిమిది ప్యాలెస్‌లున్నాయి. తాళాల సంచీ భుజాన వేసుకుని వారంలో అన్నీ చుట్టేస్తాను. దెయ్యాలను నేను నమ్మను. మా శాఖ కూడా నమ్మదు. మా దగ్గర చెంచా నుంచి చెట్టు దాకా ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది. నంబరు లేనిది లేనట్టే. ఆ లెక్కన చివరి గదిలో దెయ్యం లేదు.

అయినా సరే... ఆ గదిలో గడియారం లేదని తెలిసిన రోజు నా గుండె కుదుటపడింది. దాచడం దేనికి?

ఆ గదికి వచ్చిన చెడ్డపేరు పెద్దదేం కాదు. అందులో ఎవరూ ఏడవరు, నవ్వరు, తిరగరు. ఊపిరి పీలుస్తారట. అంతే. ఏళ్ళ కిందట ఒక రాత్రి ఫ్యూజు పోతే కరెంటు మేస్త్రీ వచ్చాడు. వరండా చివర నిచ్చెనెక్కి తీగలు చూస్తుంటే, తాళం వేసి ఉండే గది లోపల్నుంచి— ఎవరో నింపాదిగా, కునుకు పట్టిన మనిషిలాగా, గాలి లోపలికి... బయటికి... లోపలికి...

మేస్త్రీ నిచ్చెన అక్కడే వదిలేసి కిందికొచ్చాడు. ఎలా దిగాడో ఆయనకే తెలీదు. అది మామూలు నిచ్చెన కాదు, శాఖ నిచ్చెన, నంబరున్న నిచ్చెన. పోతే ఉద్యోగం పోతుంది. దాన్ని తెచ్చుకోవడానికి మర్నాడు పట్టపగలు ముగ్గురు కలిసి వెళ్ళారు. ఆ ముగ్గురిలో రాత్రి కాపలా కాసే మనిషి ఒకడు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. నిచ్చెన ఒక కొస భుజాన వేసుకుని, మొహంలో ఏ మార్పూ లేకుండా మోసుకొచ్చాడు.

ఇక చెప్పబోయేది ఆ అన్న గురించి, ఆయన భార్య గురించి. సగం వదిన చెప్పింది, సగం మా ఆఫీసరు తేమ మేడం చెప్పింది. ఇద్దరూ మాట పొదుపు మనుషులే. మధ్యలో ఎక్కడైనా సాగదీసినట్టు అనిపిస్తే ఆ తప్పు నాది.

అన్న పంతొమ్మిదేళ్ళు అక్కడ రాత్రి కాపలా కాశాడు. పదకొండు నెలల కిందట ఒక తెల్లవారుజామున, చివరి గది తలుపు ముందు పడిపోయి ఉన్నాడు. గుండె ఆగింది. పొద్దున దులిపేవాళ్ళు వచ్చి చూసేసరికి ఒళ్ళు చల్లబడి ఉంది.

పన్నెండు రోజులు ఆ పోస్టు ఖాళీగా ఉంది. పదమూడో రోజు రాత్రి ఆయన టార్చి, ఆయన తాళాల గుత్తి వదిన చేతికిచ్చారు. ఏడాది పాటు తాత్కాలికం, పని బాగుంటే ఖాయం అన్నారు. తోట వెనక, మొక్కల కుండీలు పెట్టే షెడ్డు పక్కన, రెండు గదుల క్వార్టరు వాళ్ళది. ఉద్యోగం ఉంటే ఇల్లు. లేకపోతే పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి. ఆ ఇంట్లో వదినతో పాటు అన్న తల్లి ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. చూపు సరిగా ఆనదు. ఆ రెండు గదుల్లో గోడలు తడుముకుంటూ ఎక్కడికైనా వెళ్ళగలదు. వేరే ఇంట్లో అయితే మంచం దిగలేదు.

ప్యాలెస్‌లో అందరూ వదినను 'రాత్రక్క' అంటారు. అన్న పోయాక ఆవిడ ఏడవలేదు. గట్టి మనిషి అని కొందరన్నారు, రాతి మనిషి అని కొందరన్నారు. నేను ఒకసారి అడిగేశాను. నాకు నోరు ఆగదు.

"పన్ను పీకే ముందు సూదేస్తారు చూడు మరిదీ," అంది వదిన. "చెంప ఉంటుంది. కానీ మనది కాదు. గిల్లినా తెలీదు. అట్లా ఉంది."

"ఎక్కడ?"

"అంతటా."

ఆ తర్వాత నేను అడగలేదు.

ఇప్పుడు తేమ మేడం సంగతి. ఆవిడ అసలు హోదా చాలా పొడుగు. పలకలేక మావాళ్ళు అలా పిలుస్తారు. పాత పట్టుకీ, పాత చెక్కకీ గాల్లో తేమ ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. అందుకని ప్రతి గదిలోనూ గుమ్మం పక్కనే ఒక గాజు పెట్టె పెడతారు. అందులో ఒక డబ్బా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, దాని మీద గళ్ళ కాగితం, కాగితం మీద ఒక సన్నటి పెన్ను. గాల్లో తేమ పెరిగితే గీత పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. రోజుకో కాగితం. పొద్దున గుమ్మంలోంచే మార్చి, పాతది కట్టలో పెడతారు. అంతకు ముందున్న ఆఫీసరు పంతొమ్మిదేళ్ళూ ఆ కాగితాలను కట్టలు కట్టాడు తప్ప విప్పి చూసిన పాపాన పోలేదు. నెలన్నర కిందట ఈవిడ బదిలీ మీద వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి చదువుతూ కూర్చుంది.

ఒకరోజు పొద్దున్నే డ్యూటీ దిగుతున్న వదినను తన గదికి పిలిచింది.

"కూర్చోండి అక్కా. చివరి గదికి రాత్రి ఎన్నింటికి వెళ్తారు?"

"రెండింటికి మేడం. తలుపు తీసి, గుమ్మంలోంచి ఒక్క క్షణం టార్చి వేసి చూసి, తాళం వేస్తాను. పుస్తకంలో రాస్తున్నాగా."

"లోపలికి వెళ్ళి కూర్చుంటున్నారా?"

"లేదు మేడం."

మేడం ఒక కాగితం ముందుకు జరిపింది. గీత రాత్రంతా తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉంది. ఒక్క చోట మాత్రం మెత్తగా పైకి లేచి, కాసేపుండి, మళ్ళీ దిగింది.

"రెండింటికి లేచింది. రెండూ నలభైకి దిగడం మొదలైంది. మనిషి ఊపిరిలో నీళ్ళుంటాయి అక్కా. మూసిన గదిలో ఒక మనిషి నలభై నిమిషాలు కూర్చుంటే గీత రెండు గళ్ళు లేస్తుంది. ఇది చూడండి... సరిగ్గా రెండు." ఇంకో కాగితం తీసింది. "ఇది మొన్నటిది. ఇది అంతకు ముందురోజుది. ఇది పోయిన నెలది. రోజూ ఉంది."

వదిన కాగితాలను ఒక్కొక్కటిగా తిప్పి చూసింది.

"ఆ గోడలకున్న పట్టు రెండు వందల ఏళ్ళ నాటిది. వెలుతురు తగిలితే రాలుతుంది, ఊపిరి తగిలితే బూజు పడుతుంది. అనుమతి కాగితం లేకుండా ఆ గదిలోకి నేనూ వెళ్ళకూడదు, పెద్ద సారూ వెళ్ళకూడదు. రాత్రిపూట తాళం మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది."

"మేడం... ఇది నేను వచ్చాకే మొదలైందా?"

మేడం కుర్చీలోంచి లేచింది. తర్వాత బీరువా తలుపు తీసింది. లోపల కట్టలు, కట్టల మీద కట్టలు.

"పంతొమ్మిదేళ్ళుగా ఉంది. రోజూ రెండింటికి. మీ ఆయన సెలవు పెట్టిన రోజుల్లో లేదు. మిగతా అన్ని రోజులూ ఉంది."

అంటే అన్న రోజూ రాత్రి ఆ గదిలోకి వెళ్ళి నలభై నిమిషాలు కూర్చునేవాడన్నమాట! మేస్త్రీ విన్న ఊపిరి, వీళ్ళంతా హడలి చచ్చిన ఊపిరి, నిచ్చెన మోసుకొచ్చిన ఆ మహానుభావుడిదే. నాకీ ముక్క చెప్పినప్పుడు నేను పగలబడి నవ్వాను. వదిన నవ్వలేదు. కట్టుకున్నదానికి కూడా చెప్పకుండా పంతొమ్మిదేళ్ళు ఒక గదిని దాచుకున్నాడని బాధపడాలి కదా అనుకుందట. బాధ రాలేదు.

"ఆయన పోయిన రోజు కాగితం ఉందా?"

"ఉంది. రెండూ నలభైకి దిగింది. మామూలుగానే. బయటికొచ్చి, తాళం వేసి, అప్పుడు పడిపోయారు."

"తాళం వేశాడా?"

"వేశారు."

"వేస్తాడు," అంది వదిన.

మేడం ఆఖరుగా ఒక పల్చటి కట్ట తీసింది. "ఇవి పోస్టు ఖాళీగా ఉన్న పన్నెండు రోజులవి. గీత తిన్నగా ఉంది. ఏమీ లేదు. పదమూడో రాత్రి... మీరు డ్యూటీలో చేరిన రాత్రి, రెండింటికి మళ్ళీ లేచింది." గొంతు తగ్గించింది. "నేను పెద్ద సారుకి రాయక తప్పలేదు అక్కా. శుక్రవారం విచారణ పెట్టారు. ఇది చూసినవాళ్ళు ఎవరైనా మీరే అంటారు."

వదిన కాగితాలు సర్ది బల్ల మీద పెట్టింది. తర్వాత, నిన్న కూరలో ఉప్పు మరిచిపోయానని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నేను ఆ గది తలుపు ఇంతవరకూ ముట్టుకోలేదు మేడం."

"అదేంటి?"

"వరండా పెద్ద తలుపు తీస్తాను. చివరి రెండో స్తంభం దాకా వెళ్తాను. ఆ పైన కాళ్ళు పడవు. ఆయన పడింది అక్కడే కదా. వెనక్కి తిరిగొచ్చి, పుస్తకంలో 'చూశాను' అని రాసేస్తాను. పదకొండు నెలలుగా అంతే."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. వదిన ఇరుక్కున్న ఇరుకు ఆవిడకు అర్థమైంది. గదిలో కూర్చుంటున్నానంటే రూలు తప్పినందుకు ఉద్యోగం పోతుంది. గదికే వెళ్ళలేదంటే దొంగ రాత రాసినందుకు ఉద్యోగం పోతుంది. నిజానికి రెండోది ఇంకా పెద్ద తప్పు.

"మరి... ఊపిరి పీలుస్తున్నది ఎవరు?" అంది మేడం, తనలో తాను అనుకున్నట్టు.

ఆ ఉదయం ఇంటికెళ్ళి వదిన అత్తగారికి సంగతంతా చెప్పింది. దాచే అలవాటు ఆ ఇద్దరి మధ్య లేదు. ముసలావిడ గోడకి జారబడి విన్నది.

"కూర్చుంటే కూర్చున్నాడులే, ఎవరి సొమ్మేం పోయింది," అంది. "చిన్నప్పుడూ అంతే. ఎక్కడ నలుగురు లేకపోతే అక్కడ చేరేవాడు. బీరువా వెనక, మంచం కింద..." తర్వాత అడిగింది. "ఇల్లు ఖాళీ చెయ్యమంటారా, అమ్మాయ్?"

"అనొచ్చు, అత్తయ్యా."

"ఎప్పుడు?"

"శుక్రవారం తెలుస్తుంది."

ముసలావిడ అరచేత్తో గోడను తడుముతూ కూర్చుంది.

గురువారం రాత్రి తేమ మేడం ఇంటికి పోలేదు. గదిలోకి వెళ్ళడానికి అనుమతి కాగితం తెచ్చింది, పెద్ద సారుతో నానా తంటాలు పడి. ఆ గదికి తలుపు ఒక్కటే. కిటికీ తలుపులకు లోపల్నుంచి ఇనుప గొళ్ళేలున్నాయి. మేడం గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వదిన లోపల కూర్చుంటుంది. ఎవరైనా వస్తే మేడాన్ని దాటుకునే రావాలి, వదిన కళ్ళ ముందే ఉండాలి. మేడం కొత్త కాగితం చుట్టి, దాని మూల సంతకం పెట్టింది.

ఒంటిగంటా ముప్పావుకి వదిన వరండా పెద్ద తలుపు తీసింది. ఇద్దరూ నడిచారు. చివరి రెండో స్తంభం దగ్గర వదిన ఆగిపోయింది.

"నా చెయ్యి పట్టుకోండి అక్కా," అంది మేడం.

"వద్దు మేడం. వస్తా."

వచ్చింది. ఆయన పడిన చోట కాలు పెట్టింది. ఏమైనా అనిపిస్తుందేమోనని ఒక క్షణం నిలబడింది. నేల చల్లగా ఉంది, అంతే.

తాళం తీసింది. టార్చి ఆర్పేయమన్నారు, పట్టుకి వెలుతురు పనికిరాదని. వెనక తలుపు మూసుకుపోయింది.

చీకటి...

మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత ఎదురుగా ఒక సన్నటి వెలుగు గీత కనపడింది— కిటికీ తలుపుల మధ్య సందు. దాని కింద రాతి అరుగు. తడుముకుంటూ వెళ్ళి దాని మీద కూర్చుంది. రాయి ఒక చోట నున్నగా అరిగి ఉంది. మనిషి కూర్చునేంత మేర.

సందుకి కన్ను ఆనించింది.

తోట కనిపించింది. తోట వెనక షెడ్డు, షెడ్డు పక్కన తమ ఇల్లు. ముందుగదిలో అత్తగారి కోసం వెలిగించి ఉంచే చిన్న బల్బు. దాని పక్కది పడక గది కిటికీ, పంతొమ్మిదేళ్ళు తను ఒక్కతే పడుకున్న గది. రాత్రి కాపలా మొగుడితో కాపురమంటే అంతే కదా, ఆయన వచ్చేసరికి తను లేచేది. నలభై నిమిషాలు ఆయన చూసింది ఆ కిటికీనే. చూడదగ్గది వేరే ఏదీ ఆ సందులోంచి కనపడదు.

"అప్పుడు ఏడుపొచ్చిందా వదినా?" అని అడిగాను.

"రావాలి కదా, మరిదీ," అంది. "వస్తుందేమోనని చూశాను. రాలేదు. కన్ను ఎండిపోయి మండింది. అంతే."

ఎవరూ రాలేదు. ఏ చప్పుడూ లేదు. పక్కన ఎవరూ కూర్చోలేదు, భుజం మీద చెయ్యి పడలేదు. ఆ నలభై నిమిషాలూ వదినకు వినపడింది తన ఊపిరి ఒక్కటే.

రెండూ నలభైకి మేడం తలుపు కొట్టింది. "ఎవరైనా...?"

"ఎవరూ లేరు మేడం. అక్కడ ఏమీ లేదు."

మేడం టార్చికి గుడ్డ కప్పి, ఆ పల్చటి వెలుగులో గాజు పెట్టె మీదికి వంగింది. వంగిన మనిషి లేవలేదు.

"అక్కా... మీరు ఒక్కరే ఉన్నారు కదా?"

"మీరు గుమ్మంలోనే ఉన్నారుగా."

"ఉన్నాను." మేడం మళ్ళీ గళ్ళు లెక్కపెట్టింది. "గీత నాలుగు గళ్ళు లేచింది. ఇది... ఇద్దరు మనుషుల గీత."

ఇద్దరూ వరండా దాటి కిందికొచ్చి, దీపాలన్నీ వేసుకుని, తెల్లారేదాకా ఎదురెదురుగా కూర్చున్నారట. తనకేం భయం వెయ్యలేదని వదిన అంటుంది. మేడం ఏ అబద్ధమూ ఆడలేదు నాతో. "నా పళ్ళు కొట్టుకున్నాయండీ" అంది.

కానీ ఆవిడ చదువుకున్న మనిషి. పొద్దున ఆరింటికల్లా పెన్ను పట్టుకుని లెక్కలు మొదలెట్టింది.

శుక్రవారం విచారణలో మేడం నిలబడి చెప్పింది. పట్టు దూది లాంటిది, తేమను పీల్చుకుంటుంది. పట్టు వెనక సున్నం గోడ, అదీ పీల్చుకుంటుంది. పంతొమ్మిదేళ్ళు రోజూ ఒకే చోట, ఒకే వేళకి ఒక మనిషి వదిలిన ఊపిరంతా ఆ గోడలో చేరి ఉంది. రాత్రి కాపలా మనిషి ఒంటిగంటా ముప్పావుకి వరండా పెద్ద తలుపు తీస్తే గాలి కదులుతుంది, గది చల్లబడుతుంది, గోడ తనలో ఉన్నది కొంచెం కొంచెంగా వదులుతుంది. పన్నెండు రోజులు ఎవరూ ఆ పెద్ద తలుపు తియ్యలేదు, అందుకే గీత లేవలేదు. నిన్న రాత్రి లోపల ఒక మనిషి ఉన్నారు, గోడ కూడా ఉంది. రెండూ రెండూ నాలుగు.

"అంటే ఆ గదిలో ఎవరూ లేరంటావు," అన్నారు పెద్ద సారు.

"ఎవరూ లేరు సార్. గోడ ఉంది."

పెద్ద సారు తేలిగ్గా నవ్వారు. దెయ్యం కంటే గోడ మీద ఫైలు రాయడం తేలిక. వదిన మీద ఆరోపణ కొట్టేశారు. ఉద్యోగం ఖాయం చెయ్యమని అక్కడికక్కడే రాశారు. స్తంభం దగ్గర్నుంచి తిరిగొచ్చిన సంగతి ఎవరూ అడగలేదు, మేడం చెప్పలేదు.

అదే కాగితంలో ఇంకో ఆజ్ఞ కూడా ఉంది. గోడలో తేమ ఉందని తేలింది కాబట్టి, పట్టు చెడిపోకుండా గదిలో ఆరబెట్టే యంత్రం పెట్టాలి. తొంభై రోజులు. గాల్లో ఉన్న నీటినంతా లాగి అది ఒక తొట్టిలో పోస్తుంది. ఆ తొట్టిని రోజూ పారబొయ్యాలి. కాగితం మార్చేటప్పుడు తప్ప గది రోజుకు ఒక్కసారే తెరవాలని రూలు కాబట్టి, ఆ పని రాత్రి రెండింటికి కాపలా మనిషే చెయ్యాలి.

బయటికొచ్చాక వదిన మేడాన్ని ఆపింది.

"మేడం... గోడలో ఉన్నది ఆయన ఊపిరేనా?"

"చాలా వరకు ఆయనదే అక్కా."

"దాన్ని లాగేస్తారా?"

"లాగకపోతే పట్టు బూజు పట్టిపోతుంది."

"నేను పారబొయ్యాలా?"

మేడం తలొంచుకుంది. "నేను ఎలా చెప్పినా ఈ ఆజ్ఞ వచ్చేదే అక్కా. ఉద్యోగమైతే నిలబడింది. ఇల్లు ఉంటుంది."

"సరే అయితే," అంది వదిన.

నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద కోపమో తెలీదు. పట్టుని కాపాడటం మా శాఖ పని. గోడను ఆరబెట్టడం తప్పేం కాదు. ఆ మనిషి చేతే చేయించాలా? కానీ ఆజ్ఞ రాసినవాళ్ళకు అందులో ఒక మనిషి ఉందని తోచలేదు. రాత్రి కాపలా అంటే ఒక పోస్టు, అంతే.

ఆ వారమే యంత్రం వచ్చింది. పొద్దున నలుగురు మోసుకెళ్ళి గది మధ్యలో పెట్టారు. పగలంతా గుంయ్‌మని తిరిగింది. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో నాకు బాగా తెలుసు. ఇంకో ప్యాలెస్‌లో అలాంటిదే నేనూ తొట్టి లాగి పారబోశాను. లోపల మంచులా చల్లటి గొట్టం ఉంటుంది. గాలి దానికి తగిలి నీరు కడుతుంది, ఆ నీరు చుక్కచుక్కగా తొట్టిలో పడుతుంది. మండువేసవిలో ముట్టుకున్నా వేళ్ళు జివ్వుమంటాయి.

ఆ రాత్రి రెండింటికి వదిన ఒక్కతే వెళ్ళింది. స్తంభం దాటింది. తాళం తీసింది. యంత్రం ఆపితే గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. చీకట్లోనే తడుముకుంటూ తొట్టి బయటికి లాగింది. బరువుగా ఉంది, నిండా ఉంది. వరండా మూలన ఉన్న సింకు దాకా మొయ్యాలి. ఒలకకుండా పట్టుకుందామని రెండు చేతులూ అంచు మీద వేసింది. నీళ్ళు తొణికి వేళ్ళ మీద పడ్డాయి.

వదిన ఆగిపోయింది.

తొట్టి కింద పెట్టింది. చెయ్యి నీళ్ళలో పెట్టింది, మణికట్టు దాకా.

వెచ్చగా ఉన్నాయి.

మనిషి ఒంట్లోంచి వచ్చినంత వెచ్చగా ఉన్నాయి...

చెంపకిచ్చిన సూది మత్తు దిగిపోయేటప్పుడు మొదట నొప్పే తెలుస్తుంది. వదిన నేల మీద కూలబడి, చెయ్యి ఆ నీళ్ళలోనే ఉంచి, పదకొండు నెలల ఏడుపూ ఏడ్చింది. గొంతెత్తి ఏడ్చింది. వరండా పొడవునా వినపడి ఉంటుంది, వినడానికి ఎవరూ లేరు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, చల్లారాక పారబోద్దాంలే అనుకుని, అలాగే కూర్చుంది.

మూడైంది. నాలుగైంది. దులిపేవాళ్ళు వచ్చే వేళ దాకా కూర్చుంది.

చల్లారలేదు.